మెత్తని మణికి కష్టమైన బెజ్జం: తెలుగు నేలపై పూస, పగడం, ముత్యం తొలిచే వృత్తి చరిత్ర

ప్రవేశిక

ఆభరణాల చరిత్ర ఇంతవరకు ప్రధానంగా మూడు కేంద్రాల చుట్టూ సాగింది. మొదటిది గని, రెండవది వర్తకుడు, మూడవది ధరించిన ప్రభువు. గోల్కొండ వజ్రాలను గురించిన రచనలన్నీ దాదాపు ఈ త్రిభుజంలోనే తిరుగుతాయి. గనికీ మెడకూ మధ్య మరొక మనిషి ఉన్నాడు. అతడు మణికి బెజ్జం వేసేవాడు. బెజ్జం లేని ముత్యం డబ్బీలో దాచుకొనే సొత్తు మాత్రమే. దారం దూరినప్పుడే అది హారమవుతుంది. అయినా ఈ పని చేసినవారి పేర్లు శాసనాల్లో అరుదు, కావ్యాల్లో లేవు, కొలువుకూటాల వర్ణనల్లో అసలే లేవు. వారు మిగిల్చిన సాక్ష్యం ఒక్కటే: వారు వేసిన బెజ్జం.

ఆ సాక్ష్యాన్ని తెలుగు నేల పరిధిలో, ప్రత్యేకించి మెత్తని మణుల విషయంలో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. పరిశీలనకు ఓరుగల్లుకు దక్షిణాన ఉన్న ప్రాంతాన్ని కేంద్రంగా తీసుకోవడం సముచితం. 2016 జిల్లాల పునర్వ్యవస్థీకరణ తరువాత మహబూబాబాద్ జిల్లాలో చేరిన దంతాలపల్లి, దాని ఇరుగుపొరుగున ఉన్న జనగామ, సూర్యాపేట, ఖమ్మం సీమలు సముద్రానికి దూరమైనవి. ఇక్కడ ముత్యపు చిప్ప దొరకదు, పగడపు తీగ పెరగదు. అయినా ఈ సీమలో పెండ్లయిన స్త్రీ పుస్తెలతాటిలో పగడం, ముత్యం, నల్లపూస చేరి ఉంటాయి. సముద్రం లేని చోట సముద్రపు మణి ఇంతగా ఇంటిదెట్లా అయిందన్న ప్రశ్నకు సమాధానం వర్తక చరిత్రలో సగమే దొరుకుతుంది. మిగిలిన సగం బెజ్జం వేసే పనితనంలో ఉన్నది.

మెత్తదనం, కాఠిన్యం

ఖనిజాల కాఠిన్యాన్ని కొలవడానికి జర్మన్ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ మోస్ 1812లో ప్రతిపాదించిన కొలమానం నేటికీ వాడుకలో ఉన్నది. దానిలో వజ్రానికి 10, కురువిందానికి 9, స్ఫటికానికి 7. కార్నీలియన్, అగేట్ వంటి రాళ్లు 6.5 నుంచి 7 మధ్య నిలుస్తాయి. పగడం 3 నుంచి 4 వరకు, ముత్యం 2.5 నుంచి 4.5 వరకు ఉంటాయి. పిల్లలు పలకమీద రాసే బలపానికి మూలమైన బలపపు రాయి 1 దగ్గరే ఆగుతుంది. ఈ అంకెలను చూసి మెత్తని రాయికి బెజ్జం వేయడం సులువనీ, గట్టి రాయికి వేయడమే విద్య అనీ భావించడం సహజం. పురావస్తు రచనల్లో కార్నీలియన్ పూసలకు దక్కిన శ్రద్ధ, శంఖానికీ పగడానికీ దక్కకపోవడానికి ఈ భావన కొంత కారణం.

పని తీరును గమనిస్తే ఈ భావన నిలవదు. గట్టి రాతికి బెజ్జం వేయడంలో ఖర్చయ్యేది కాలం, ఓపిక. మెత్తని మణికి వేయడంలో పొంచి ఉన్నది ప్రమాదం. ముత్యం ఒక్క ముద్ద కాదు. సున్నపు పదార్థపు పలుచని పలకలు జీవపదార్థపు పొరల మధ్య ఒకదానిపై ఒకటి పేరుకొని ఏర్పడిన వస్తువు. మొన ఎక్కువ వత్తిడితో దిగితే పొర లేస్తుంది. మొన అవతలికి వెలువడే చోట పెచ్చు ఊడుతుంది. వేడి పుడితే కాంతి తగ్గుతుంది. గట్టి రాయి తప్పు పనిని కొంతసేపు ఓర్చుకుంటుంది, ముత్యం ఓర్చుకోదు. అందువల్లనే ఒకవైపు నుంచి సగం దాకా, రెండవవైపు నుంచి మిగిలిన సగం తొలిచి మధ్యలో కలపడం ఈ వృత్తిలో పాత పద్ధతి. రెండు సొరంగాలు ఒకే సరళరేఖపై కలవాలి. వెంట్రుక వాసి తప్పినా దారం వంకర తిరుగుతుంది, హారంలో ఆ ముత్యం ఒరిగి కూర్చుంటుంది. కంటికి కనిపించని లోపలి దారిని చేతి స్పర్శతో ఊహించి పోనివ్వడమే ఈ విద్యలోని కష్టం.

తవ్వకాల సాక్ష్యం

పూసలను వర్గీకరించే శాస్త్రీయ పద్ధతిని హోరేస్ బెక్ 1928లో ప్రకటించాడు. ఆకారం, పదార్థంతో పాటు బెజ్జపు తీరును కూడ అతడు వర్గీకరణకు ఆధారంగా తీసుకున్నాడు. తరువాతి కాలంలో లియొనార్డ్ గోరెలిక్, జాన్ గ్విన్నెట్ అనే పరిశోధకులు పూసల బెజ్జాలలో అచ్చులు తీసి, వాటిని ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద పరిశీలించి, ఏ మొనతో, ఏ రాపిడి పొడితో తొలిచారో చెప్పే విధానాన్ని ప్రచారంలోకి తెచ్చారు. రెండువైపుల నుంచి తొలిచిన బెజ్జం నడుమ సన్నబడి ఢమరుకంలా కనిపిస్తుంది. ఒకేవైపు నుంచి తొలిచినది ఒక కొసన వెడల్పుగా, మరొక కొసన ఇరుకుగా ఉంటుంది. లోపలి గోడపై గీతలు వలయాలుగా సాగితే అది తిరిగే మొన చేసిన పని. ఇట్లా చూసినప్పుడు బెజ్జం కేవలం శూన్యం కాదు, చదువదగిన రాత.

సింధు నాగరికతకు చెందిన చన్హుదారోలో ఎర్నెస్ట్ మెకే 1935–36లో జరిపిన తవ్వకాలు పూసల కార్ఖానాను వెలికి తెచ్చాయి. ఆ నాగరికతలో బలపపు రాతి పూసలను ముందు మెత్తగా ఉండగానే తొలిచి, తరువాత కాల్చి గట్టిపరిచేవారు. ముందు బెజ్జం, తరువాత కాఠిన్యం అనే ఈ క్రమం పనివాని ఆలోచనకు నిదర్శనం. రాయి మెత్తదనాన్ని లోపంగా కాక అవకాశంగా వాడుకోవడం దీనిలోని కీలకం. బలపపు రాయి అనంతపురం, కర్నూలు సీమల్లో నేటికీ తవ్వుతున్న ఖనిజమే.

తెలంగాణలో ఈ అధ్యయనానికి తొలి గట్టి పునాది నేటి సంగారెడ్డి జిల్లాలోని కొండాపూర్‌లో పడింది. హైదరాబాద్ సంస్థాన పురావస్తు శాఖ 1940ల తొలి సంవత్సరాల్లో అక్కడ తవ్వకాలు జరిపింది. శాతవాహన కాలపు నాణేలతో పాటు వెలువడిన పూసలపై మోరేశ్వర గంగాధర దీక్షిత్ రాసిన ప్రత్యేక గ్రంథం 1952లో హైదరాబాద్ పురావస్తు గ్రంథమాలలో ప్రచురితమైంది. తెలుగు నేల మీద దొరికిన పూసలకు ఒక విడి గ్రంథాన్ని కేటాయించిన తొలి ప్రయత్నాల్లో ఇది గణనీయం. పెద్దబంకూరు, ధూళికట్ట, కోటిలింగాల వంటి గోదావరి తీర మండలపు స్థలాలు ఆ తరువాత ఈ చిత్రాన్ని విస్తరించాయి.

కృష్ణా లోయలో సాక్ష్యం మరొక రకం. అలెగ్జాండర్ రే 1892లో పరిశోధించిన భట్టిప్రోలు స్తూపంలోని ధాతు కరండాలలో స్ఫటికం, బంగారు పువ్వులు, ముత్యాలు కలిసి నిక్షిప్తమై ఉన్నాయి. నాగార్జునకొండ తవ్వకాల్లో స్వర్ణకారుని పనిశాల బయటపడింది. మట్టి మూసలు, గీటురాయి, నగల అచ్చులు అక్కడ లభించాయి. ఇక్ష్వాకుల కాలంలో నగ చేసేవాడు నగర జీవనంలో స్థిరమైన చోటు కలవాడని దీనివల్ల తేలుతుంది.

దంతాలపల్లి ప్రాంతానికి సమీప సాక్ష్యం సూర్యాపేట జిల్లా ఫణిగిరి. బిక్కేరు వాగు ఒడ్డున ఉన్న ఈ బౌద్ధ స్థలంలో 2024 మార్చిలో ఒక విహారపు గది వద్ద మట్టికుండలో 3,730 సీసపు నాణేలు దొరికాయి. ఒకవైపు ఏనుగు, మరొకవైపు ఉజ్జయిని చిహ్నం గల ఈ నాణేలను ఇక్ష్వాకుల కాలానివిగా నిర్ణయించారు. అదే తవ్వకాల్లో రాతి పూసలు, గాజు పూసలు, శంఖపు గాజుల ముక్కలు కూడ లభించాయి. నాణేల కుండకు వార్తల్లో దక్కిన స్థానం పూసలకు దక్కలేదు. కాని శంఖం తీరం నుంచి రావలసిన వస్తువు. తీరపు పదార్థం ముచికుంద లోయ వరకు చేరినదనడానికి ఆ గాజు ముక్కే సాక్షి. నాణెం రాజ్యం సంగతి చెబితే, పూస దారి సంగతి చెబుతుంది.

గ్రంథ సాక్ష్యం

సంస్కృత వాఙ్మయంలో బెజ్జపు ప్రస్తావనలు తక్కువేమీ కావు. కాళిదాసు రఘువంశారంభంలో తన కావ్యరచనా ప్రవేశాన్ని వజ్రపు మొన ముందే తొలిచిన మణిలోకి దారం పోవడంతో పోల్చుకున్నాడు. శాకుంతలంలో ఇంకా తొలవని రత్నం కన్యాత్వానికి ఉపమానమైంది. కవి దృష్టి దారంపైనా, రత్నంపైనా నిలిచింది. తొలిచినవాని చేయి ఉపమానంలో కనిపించదు.

కవి వదిలిన చోట శాస్త్రకారుడు కొంత అందుకున్నాడు. కౌటిల్యుని అర్థశాస్త్రం కోశంలో చేర్చదగిన రత్నాలను పరీక్షించే ప్రకరణంలో మేలైన ముత్యం లక్షణాలను చెప్పింది. పెద్దదిగా, గుండ్రంగా, చదును లేకుండా, మెరుస్తూ, తెల్లగా, బరువుగా, నునుపుగా ఉండడంతో పాటు తగిన చోట తొలిచి ఉండడం కూడ ఆ జాబితాలో చేరింది. ఈ చివరి లక్షణం విశేషంగా గమనింపదగినది. మిగిలినవన్నీ చిప్పలో పుట్టిన గుణాలు. ఇదొక్కటే మనిషి చేతి గుణం. ప్రకృతి ఇచ్చిన ఏడింటి సరసన మనిషి పనితనాన్ని ఎనిమిదవదిగా నిలిపి, ఖజానా అధికారి దానిని పరీక్షించాలని శాస్త్రం నిర్దేశించింది. అదే ప్రకరణంలో 1,008 పేటల ఇంద్రచ్ఛందం, 504 పేటల విజయచ్ఛందం వంటి హారాల పేర్లున్నాయి. ఇన్ని పేటలకు ఎన్ని వేల బెజ్జాలు కావాలో తలచుకుంటే, ఆ ఖజానా వెనుక నిలిచిన శ్రమ పరిమాణం ఊహకు అందుతుంది.

వరాహమిహిరుని బృహత్సంహిత, బుద్ధభట్టుని రత్నపరీక్ష, అగస్తిమతం మొదలైన గ్రంథాలు ఈ పరంపరను పెంచాయి. ఫ్రెంచి పండితుడు లూయీ ఫినో 1896లో రత్నశాస్త్రాలను సంకలించి ప్రచురించాడు. తెలంగాణను ఏలిన కళ్యాణి చాళుక్యులలో మూడవ సోమేశ్వరుని మానసోల్లాసం రాజకోశ వర్ణనలో రత్నాలకు చోటిచ్చింది. అయితే ఈ గ్రంథాలన్నీ పరీక్షకుని కోసం రాసినవి, పనివాని కోసం కావు. గుణదోషాలు, మూల్యాలు, శుభాశుభాలు వాటి విషయం. పనివాని విద్య గ్రంథానికెక్కలేదు, తండ్రి చేతి నుంచి కొడుకు చేతికి మారింది.

శాసన సాక్ష్యం

పశ్చిమ దక్కనులో కన్హేరి గుహల శాసనాలు మణికారుల దానాలను పేర్కొన్నాయి. బౌద్ధ సంఘానికి దానం చేయగల స్థోమత ఆ వృత్తివారికి ఉండేదని దీనివల్ల స్పష్టమవుతున్నది. తెలుగు నేలపై మెత్తని మణుల వర్తకానికి విలువైన శాసనం కాకతి గణపతిదేవుని మోటుపల్లి అభయశాసనం. శక సంవత్సరం 1166, అనగా క్రీ.శ. 1244–45 నాటి ఈ శాసనం ఓడ పగిలి తీరానికి కొట్టుకువచ్చిన సరుకును రాజు స్వాధీనం చేసుకొనే పూర్వాచారాన్ని విడిచి, వర్తకులకు అభయమిచ్చింది. ఎగుమతి దిగుమతులపై ముప్పదింట ఒక వంతు సుంకాన్ని విధించింది. సుంకం నిర్ణయించిన సరుకుల్లో కర్పూరం, ఏనుగు దంతం, పట్టునూలుతో పాటు ముత్యాలు, పగడాలు ఉన్నాయి.

పగడం ప్రయాణం ఇంకా దీర్ఘమైనది. క్రీస్తుశకం తొలి శతాబ్దపు ఎరిత్రియన్ సముద్ర నౌకాయాన గ్రంథం భారత రేవులకు దిగుమతైన సరుకుల్లో పగడాన్ని పేర్కొన్నది. రోమనులు ముత్యాన్ని ఎంతగా మెచ్చుకున్నారో భారతీయులు పగడాన్ని అంతగా మెచ్చుకుంటారని ప్లినీ రాశాడు. మధ్యధరా సముద్రపు పగడం, మన్నారు సింధుశాఖ ముత్యం ఒకే దారంలో కలిసే చోటు కొనుగోలుదారుని ఊరు. ఓరుగల్లు అటువంటి చోటు. మణిని, పగడాన్ని ఒకే దారానికి గుచ్చడం ఎంతగా జనానుభవంలో ఉన్నదో, భాషల మేళవింపుకు మణిప్రవాళమనే పేరు రావడమే చెబుతుంది. దంతాలపల్లికి సమీపంలోని పాలకురికి చెందిన సోమనాథుడు వృషాధిపశతకంలో ఈ రీతిని ఆదరించాడు. బెజ్జం లేనిదే ఆ సాహిత్య పరిభాషకు ఆధారమైన దృశ్యమే లేదు.

ఓరుగల్లు కోశం 1310లో మాలిక్ కాఫూర్ దండయాత్రతో ఢిల్లీకి తరలింది. ఐదేండ్ల తరువాత, 1315లో, అల్లావుద్దీన్ ఖిల్జీ కొలువులో పనిచేసిన ఠక్కుర ఫేరూ రాజకోశంలోని రత్నాలను చూసిన అనుభవంతో ప్రాకృతంలో రత్నపరీక్షా గ్రంథం రచించాడు. రత్నాలు తరలిన కథ చరిత్రకెక్కింది. వాటికి బెజ్జాలు వేసినవారు ఏమైనారన్నది ఏ చరిత్రకారుడూ అడుగలేదు.

పనిముట్టు, పనితీరు

బెజ్జం వేయడానికి మూడు కావాలి: తిప్పే సాధనం, మొన, రాపిడి పొడి. తిప్పే సాధనం విల్లు. కదురు వంటి పుల్లకు వింటి తాడును ఒక చుట్టు చుట్టి ముందుకు వెనుకకు లాగితే పుల్ల గిరగిర తిరుగుతుంది. వడ్లవారి తొరపణం, బరమా ఈ కుటుంబంలోనివే. మొనకు ఉక్కు కావాలి. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఉక్కు పశ్చిమాసియా వరకు పేరుకెక్కినది. రాపిడి పొడికి కురువిందం శ్రేష్ఠం. దంతాలపల్లికి దూరం కాని ఖమ్మం జిల్లా గొబ్బుగుర్తి కురువిందానికి ప్రసిద్ధి. సముద్రపు మణి బయటి నుంచి వచ్చినా, దానిని లొంగదీసే సామగ్రి ఈ నేలలోనే ఉన్నది.

గోల్కొండలో ఈ పనితీరుకు ప్రత్యక్ష సాక్షి ఫ్రెంచి యాత్రికుడు జాఁ ద థెవెనో. 1660లలో గోల్కొండను చూసిన ఇతడు కోటలో రాజు రత్నాల పనిలోనే తీరిక లేకుండా ఉన్న పనివారిని వర్ణించాడు. నీలమణిని వారు తీగ కట్టిన వింటితో కోస్తున్నారనీ, ఒకడు విల్లు లాగుతుంటే మరొకడు కురువిందపు పొడి కలిపిన నీటిని రాయిపై ఎడతెగక పోస్తున్నాడనీ రాశాడు. అది కోత పనే అయినా, విల్లు, పొడి, నీరు అనే మూడింటి పొందిక బెజ్జపు పనిలోనిదే. రాజుకు చేయడానికే వారికి కాలం చాలదన్న అతని మాటలో మరొక సంగతి ఉన్నది. ఆ పనితనం కోట గోడలలో బందీగా ఉండేది.

ముత్యానికి బెజ్జం వేసే విధానాన్ని 19వ శతాబ్ది తొలినాళ్లలో సింహళాన్ని గురించి వెలువడిన ఆంగ్ల గ్రంథాలు వివరించాయి. తలక్రిందులైన శంకువు ఆకారంలో, మూడు కాళ్లపై నిలిచిన కొయ్య దిమ్మె. దాని పైముఖాన చిన్న చిన్న గుంటలు. ముత్యాన్ని గుంటలో ఉంచి కొయ్య సుత్తితో మెల్లగా తట్టి బిగిస్తారు. ఎడమచేయి కదురు తలను అదుముతుంది, కుడిచేయి విల్లు లాగుతుంది. పక్కన కొబ్బరిచిప్పలో నీళ్లు. విల్లు ఆగకుండానే కుడిచేతి చిటికెన వేలు నీటిలో ముంచి ముత్యాన్ని తడపడం పనివాని నేర్పు. నీరు వేడిని చల్లార్చుతుంది, పొడిని కడుగుతుంది. ఒక్క మనిషి రెండు చేతులు, ఒక చిటికెన వేలు కలిసి ఒక యంత్రం చేయవలసిన పనులన్నీ చేసేవి.

హైదరాబాద్ ముత్యం

1591లో చార్మినార్ నిర్మాణంతో మొదలైన హైదరాబాద్ నగరం మచిలీపట్నం రేవుతో అనుసంధానమై పర్షియన్ సింధుశాఖ ముత్యానికి అంగడిగా మారింది. బహ్రేన్ పరిసరాల్లో తీసిన ముత్యాలు ‘బస్రా ముత్యాలు’గా ఇక్కడ పేరుపొందాయి. నిజాముల కాలంలో ఈ ఆదరణ పరాకాష్ఠకు చేరింది. 1995లో భారత ప్రభుత్వం 218 కోట్ల రూపాయలకు కొన్న నిజాం ఆభరణాల్లో 465 ముత్యాల ఏడుపేటల ‘సత్‌లడా’ హారం ఒకటి. ప్రదర్శన చూసినవారు 465 ముత్యాలను లెక్కించారు. ఒక్కటి కూడ పగలకుండా తొలిచిన 465 బెజ్జాలను ఎవరూ లెక్కించలేదు. ముత్యాలన్నీ ఒక తీరున వరుసగా కూర్చున్నాయంటే దానికి కారణం కౌటిల్యుడు చెప్పిన ఆ ఎనిమిదవ గుణమే.

1893లో జపాన్‌లో మికిమోటో కోకిచి అర్ధగోళాకారపు పెంపుడు ముత్యాన్ని సాధించడం, తరువాత గుండ్రని పెంపుడు ముత్యం అంగడికి రావడం సింధుశాఖ ముత్యాల వేటను దెబ్బతీశాయి. 1930ల నాటికి బస్రా ముత్యం నల్లపూసైపోయింది. విచిత్రమేమంటే ముత్యం మారినా హైదరాబాద్ ముత్యాల నగరంగానే మిగిలింది. జపాన్ ముత్యం, ఆపైన చైనా మంచినీటి ముత్యం పత్తర్‌గట్టి, చార్మినార్ అంగళ్లకు వచ్చాయి. ఆ పేరు నిలవడానికి పదార్థం ఇక్కడ దొరకడం కారణం కాదు, ఎన్నడూ దొరకలేదు. ఏరడం, తొలవడం, కూర్చడం అనే పనుల పరంపర ఇక్కడ నిలిచినందువల్లనే పేరు నిలిచింది. హైదరాబాద్ శివారులోని చందన్‌పేట బెజ్జపు పనికి తరతరాలుగా పేరొందిన ఊరిగా పర్యాటక రచనల్లో పదేపదే కనిపిస్తుంది. ఆ రచనలు ఊరి పేరు చెప్పి ఊరుకుంటాయి. రోజుకు ఎన్ని ముత్యాలు, ఏ కూలి, కన్ను ఎంతకాలం నిలిచేది, స్త్రీలు ఏ పని చేసేవారు అన్న ప్రశ్నలు వాటి పరిధిలో లేవు. రెండువైపుల నుంచి ఒకేసారి మొనలు దిగే విద్యుత్ యంత్రం చేతివింటిని పక్కకు నెట్టిన ఈ కాలంలో ఆ ప్రశ్నలు అడగవలసిన తరుణం దాటిపోతున్నది.

ఉపసంహారం

పై సాక్ష్యాలను క్రోడీకరించినప్పుడు మూడు అంశాలు తేలుతాయి. మొదటిది, మెత్తని మణికి బెజ్జం వేయడం తక్కువ స్థాయి పని అన్న భావన పదార్థ స్వభావానికే విరుద్ధం. కౌటిల్యుడు దానిని మణి గుణాల్లో ఒకటిగా లెక్కించాడు. రెండవది, తీరానికి దూరమైన తెలంగాణ సముద్రపు మణులకు నిలయం కావడంలో వర్తకం ఎంత కారణమో, విల్లు, ఉక్కు, కురువిందం చేతిలో ఉన్న పనివారూ అంతే కారణం. మూడవది, ఈ పనివారి చరిత్రకు లిఖిత ఆధారాలు స్వల్పమైనా, వస్తు ఆధారాలు స్వల్పం కావు. కొండాపూర్ మొదలు ఫణిగిరి వరకు ప్రదర్శనశాలల్లో ఉన్న పూసల బెజ్జాలను అచ్చుతీసి పరిశీలించే పని విస్తరిస్తే, ఏ కాలంలో ఏ మొన, ఏ పొడి వాడారో చెప్పే క్రమచరిత్ర సాధ్యమవుతుంది.

దానికి సమాంతరంగా చేయవలసినది వృత్తి పదజాల సేకరణ. బెజ్జం, తొరపణం, కదురు, దిమ్మె వంటి మాటలతో పాటు పనివారి నోట మాత్రమే మిగిలిన పదాలు ఆ చేతులతోనే మరుగవుతాయి. పూస వేల ఏండ్లు మట్టిలో ఉండి కూడ తన బెజ్జాన్ని కాపాడుకున్నది. మాటకు ఆ గట్టితనం లేదు. చెప్పేవారు ఉన్నప్పుడే దానిని దారానికి ఎక్కించాలి.